మూడో గుంజ

నవంబర్ 3, సోమవారం

కొత్త పుస్తకం మొదలుపెట్టాను. పాతదాంట్లో ఇంకా సగం పేజీలు ఖాళీగా ఉన్నాయి గానీ గీతలు మరీ ఇరుకు. ఒక వరస మీద ఇంకో వరస ఎక్కి కూర్చుంటోంది. ఇది పిల్లలు అక్షరాలు దిద్దుకునే పుస్తకం, వెడల్పు గీతలది. బళ్ళో చేరుతున్నారా అని మా ఆవిడ వేళాకోళం చేసింది. చెయ్యనీ.

పొద్దున ఆరింటికి రేవు నుంచి, నది సముద్రంలో కలిసే మొగ దాకా నడిచాను. నీళ్ళు ఆటు మీద, వెనక్కి తీసి ఉన్నాయి. ఉండల పీతలు తడి ఇసుకంతా మినపగింజలంత ఉండలు చేసి పరిచేశాయి, అడుగు వెయ్యడానికి చోటు లేదు. దొరికినవి: సముద్రపు నురుగు అంటారే, ఆ తేలికపాటి తెల్ల పెంకు ఒకటి, జానెడు. ఇసుక గాజు ఒకటి, విరగనిది. నత్త తన గుడ్లనీ ఇసుకనీ కలిపి గాజులా చుట్టి వదిలేస్తుంది. పట్టుకుంటే పొడైపోతుంది కాబట్టి అక్కడే ఉంచేశాను.

పరుగుపిట్టలు: నలభై ఒకటి. (అలతో పందెం వేసుకుని పరిగెత్తే తెల్లపొట్టవి. పేరు నేను పెట్టిందే.) నిరుడు ఇదే వారం నూట ముప్పై ఆరు. పాత పుస్తకం తీసి రెండుసార్లు చూశాను. నూట ముప్పై ఆరే.

కుక్కలు ఎక్కువయ్యాయి, అదీ సంగతి.

తిరిగొస్తుంటే పిట్టల మాస్టారమ్మ ఎదురైంది. రిటైరైన దగ్గర్నుంచి ఆవిడ మెడలోంచి ఆ దుర్భిణీ దిగలేదు. ఆరేళ్ళ కిందట ఈ రాసుకునే పిచ్చి నాకు అంటించింది ఆవిడే. ఇవాళ ఎన్ని అని అడిగితే చెప్పాను. "అదేంటి సరంగు గారూ, నాకు నూట ముప్పై దాటాయే" అంది. లెక్కపెట్టినవే మళ్ళీ లెక్కపెట్టి ఉంటుంది. ఒకచోట నిలబడే ప్రాణులు కావు కదా.

ఏడింటి ట్రిప్పుకి ముప్పై ఎనిమిది మంది. ఇరవై ఆరేళ్ళుగా ఇదే లాంచీ నడిపే సరంగుని, ఇదే మొగ, ఇదే ఇరవై నిమిషాల దాటు.

నవంబర్ 5, బుధవారం

చచ్చిన తాబేలు ఒకటి, మొగకి ఇవతల, పోటు గీత మీద. డిప్ప మూరెడు పైనే. బాధేసింది. ట్రిప్పుకి టైమైపోతోందని దగ్గరికి వెళ్ళలేదు, మాస్టారమ్మకి చెప్పి వచ్చేశాను.

సాయంత్రం: అది తాబేలు కాదట. బోర్లాపడ్డ ప్లాస్టిక్ బేసిన్ అట, పైన నాచు పట్టి ఉందట. ఆవిడ నవ్వకుండా చెప్పింది. నవ్వినా బాగుండేది.

నవంబర్ 6, గురువారం

మొగలో దారి గుర్తుకి పాతిన గుంజల్లో మూడోది మా బావ వాల్చాడు, సముద్రం వైపు. కింద ఇసుక మేట పెరిగిందన్నమాట. రోజంతా ఆ పక్కకి తప్పుకుని పోయాను. ట్రిప్పుకి నాలుగు నిమిషాలు ఎక్కువ పట్టింది, జనం సణిగారు. మేట మీద ఎక్కిస్తే సణగడం కాదు, ఏడుస్తారు.

ఒక్కటే అనుమానం. రెండ్రోజుల ముందే ఇసుక కదిలిన జాడ నాకు తెలియాలి. నీళ్ళ రంగు మారాలి. మారలేదు.

నవంబర్ 8, శనివారం

బావని రేవులో పట్టుకున్నాను. ఏడు గుంజలూ అతను పాతినవే. మొగలో దారి ఎటు పోతోందో చూసి గుంజలు నిలబెట్టడం అతని ఉద్యోగం, వాటిని ఎడం చేతికి ఉంచుకుని లాంచీ పోనివ్వడం నాది. మేట జరిగిందనుకో, గుంజని ఎటు వాలిస్తే నేను అటు తప్పుకుంటాను. చిట్టీ రాసుకోవడాలు, కబురు పంపుకోవడాలు మా మధ్య లేవు. "గుంజ వాల్చడమంటే చెప్పడమే" అంటాడు. మా చెల్లెల్ని అతనికి ఇచ్చినప్పటి నుంచీ ఉన్న ఒప్పందం.

మూడోది ఎందుకు వాల్చావని అడిగాను. "నేనెప్పుడు వాల్చాను? బావా, పొద్దున్నే ఏం పుచ్చుకుని ఎక్కుతున్నావు లాంచీ?" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పంతానికి పోయాడు. తెడ్డు పడవ తీసి, తాపీవాళ్ళ తూకపు గుండు పట్టుకుని నన్ను కూడా ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. గుంజ పైనుంచి తాడు వదిలాడు. గుండు గుంజని అంటుకుని కిందిదాకా జారింది.

నిటారుగా ఉంది.

ఎగతాళి చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. నావైపు చాలాసేపు చూసి, ఇప్పుడెలా కనిపిస్తోంది అని అడిగాడు. "నిటారుగానే ఉందయ్యా, ఏదో ఎండ" అన్నాను. ఎండ ఎక్కడుంది, మబ్బేసి ఉంటే.

నవంబర్ 9, ఆదివారం

సెలవు. మా ఆవిడ బట్టలు ఉతుక్కుంటుంటే గదిలో తలుపు చట్టానికి ఎదురుగా నిలబడి ఒక్కో కన్నూ మూసి చూశాను.

ఎడమ కన్ను మూస్తే చట్టం మధ్యలో కొంచెం వంగింది, బరువు వేలాడదీసిన దూలం లాగ.

కుడి కన్ను మూస్తే మధ్యలో చట్టమే లేదు. అద్దం మీద తడి బొటనవేలు పెట్టినట్టు ఒక మసక. చుట్టూ అంతా బాగానే ఉంది. గోడ, మేకు, మేక్కి సంచీ, అన్నీ ఉన్నాయి. నేను దేన్ని చూస్తే అది పోతోంది.

మంచం మీద కూర్చున్నాను. మా అమ్మ గుర్తొచ్చింది. చివరి రోజుల్లో మా మొహం చూడాలంటే మా చెవి వైపు చూసేది. ఎవరితో మాట్లాడుతున్నావే అని నవ్వేవాళ్ళం.

నిద్ర చాలకపోయినా ఇలా అవుతుందట. వారం పడుకుంటే సర్దుకుంటుంది.

నవంబర్ 11, మంగళవారం

పరుగుపిట్టలు: లెక్కపెట్టలేదు.

నవంబర్ 13, గురువారం

ఆరున్నరకి మొగ దగ్గర తడి ఇసుక మీద నిలబడ్డాను. ఎదురుగా ఖాళీ. ఒక్క పిట్ట లేదు. విసుగొచ్చి అటు లాంచీ వైపు తిరిగాను, అప్పుడు కనిపించాయి, కంటి చివర, బిలబిలలాడుతూ, ఎన్నున్నాయో. గబుక్కున వాటివైపు తిరిగాను. లేవు. మళ్ళీ పక్కకి తిరిగాను. ఉన్నాయి.

చూడకపోతే ఉంటున్నాయి. చూస్తే ఉండటం లేదు.

అలా ఎంతసేపు మెడ తిప్పుకుంటూ నిలబడ్డానో తెలీదు. మాస్టారమ్మ వచ్చి ఏం వెతుకుతున్నారని అడిగింది. చెప్పు తెగింది అన్నాను. ఆవిడ నా చెప్పుల వైపు చూసిందో లేదో నాకు తెలీదు.

కుక్కల్ని ఊరికే ఆడిపోసుకున్నాను.

ఇక లాంచీ సంగతి. ఎవరికీ చెప్పేది లేదు. చెబితే ఆ పూటే దింపేస్తారు. చుక్కాని లేకుండా నేనేమిటి? ఇంట్లో కూర్చుని కిటికీ చట్టం ఎంత వంగిందో చూసుకోవాలా? రిటైరవడానికి ఇంకా మూడేళ్ళు. ఈ దారి నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. గుంజలు ఎక్కడున్నాయో ఒళ్ళే చెబుతుంది. వంగినట్టు కనిపిస్తాయి, అంతేగా. కనిపించనీ. ఇవాళ్టి నుంచి ఒకటే నియమం: వంగినా నిటారే అనుకోవాలి. ఆ కాస్త బుర్రలో ఉంచుకుంటే చాలు.

రాసుకున్నాక కొంచెం ధైర్యం వచ్చింది.

నవంబర్ 15, శనివారం

భోజనాల దగ్గర మా ఆవిడ ఏదో చెబుతూ చెబుతూ ఆగిపోయింది. తన చెవికేమైనా అంటుకుందా అని తడుముకుంది. ఏం అన్నాను. "ఇందాకట్నుంచీ నా మొహం చూడకుండా చెవి వైపు చూస్తున్నారు" అంది.

కమ్మలు బాగున్నాయి అన్నాను. పాతికేళ్ళ నాటి కమ్మలు. సిగ్గుపడింది, పాపం.

నవంబర్ 18, మంగళవారం

ఆదివారం నుంచీ ఒకటే గాలి. రెండ్రోజులు లాంచీ కట్టేశారు. నాకు హాయిగా అనిపించిందంటే నా స్థితి ఏమిటో అర్థం చేసుకోవచ్చు.

ఇవాళ గాలి తగ్గాక ఒడ్డుకి వెళ్ళాను. సముద్రం ఇల్లు ఖాళీ చేసినట్టు అన్నీ బయట పడేసింది. వల బెండ్లు, వాటికి గుత్తులుగా అంటుకుని ఇంకా బతికే ఉన్న పెంకు పురుగులు. ముళ్ళ ఉండలు పదిహేను, అన్నీ ఖాళీ డొల్లలు. ఇసుక గాజులు ముక్కలు ముక్కలుగా. కళ్ళతో కాదు, వేళ్ళతో చూస్తున్నాను ఈ మధ్య. వేళ్ళకి ఇంకా ఏ లోపమూ లేదు.

మంచి తాడు ముక్క ఒకటి, చారల తాడు, బారెడుంది. లాంచీకి పనికొస్తుందని వంగి చెయ్యి పెట్టబోయాను. కదిలింది.

నీటిపాము. తోక తెడ్డులా బల్లపరుపుగా ఉండే జాతి. అది కరిస్తే మందు వేసేదాకా మనిషి ఉండడని మాస్టారమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. వెనక్కి పడ్డాను. అది నా పాదానికి బెత్తెడు దూరంలో నుంచి నీళ్ళలోకి పోయింది. పోయిందనుకుంటా. ఆ తర్వాత పావుగంట లేవకుండా, కాళ్ళు ముడుచుకుని అక్కడే కూర్చున్నాను.

రేపటి నుంచి లాంచీ మామూలే.

నవంబర్ 19, బుధవారం

ఆరున్నర. మూడో గుంజ మీద కత్తెరతోక పిట్ట ఒకటి (అరుపుని బట్టి). గుంజ సముద్రం వైపు బాగా వాలి కనిపిస్తోంది. మిగతావాటికంటే ఎక్కువే. నా కన్నే. పట్టించుకోకూడదు.

అదే రోజు, సాయంత్రం

గుంజ నిటారుగానే ఉంది.

ఏడింటి ట్రిప్పు. నలభై రెండు మంది. గుంజ నిటారుగా ఉంది కాబట్టి నేను నా దారినే పోయాను. మూడోది దాటుతుంటే కింద గరగరమని శబ్దం, ఒక కుదుపు, ఇంజను మనిషి వెళ్ళి గేరు కడ్డీ మీద పడ్డాడు. ప్రవాహం వెనక భాగాన్ని తిప్పేసింది, లాంచీ ఒరిగింది, ఆ ఒరగడంలో గుంజ ఫెళ్ళున విరిగి కొట్టుకుపోయింది. అరుపులు. ఒకావిడ చేతుల్లోంచి చంటిబిడ్డ ఎగిరి నీళ్ళలో పడింది.

దూకేశాను. మేట వైపు పడింది కాబట్టి మోకాలి లోతే. బిడ్డ మొహం నాకు కనిపించలేదు, తెల్లగా ఏదో తేలితే గుప్పిట పట్టి పైకి లాగాను. గుడ్డ. దాంతోపాటు బిడ్డ వచ్చింది. ఏడ్చింది. అంత మంచి ఏడుపు నేను ఎన్నడూ వినలేదు.

రెండో వైపు పడి ఉంటే రెండు నిలువుల లోతు.

గుంజ నిటారుగానే ఉంది. ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నవాణ్ణి, నాకు తెలీదా.

నవంబర్ 20, గురువారం

రేవు ఆఫీసరు గదిలో గంటసేపు. బావ కూడా ఉన్నాడు. గాలి ఆగాక మంగళవారం సాయంత్రం వెళ్ళి చూశానని, మేట పది అడుగులు జరిగిందని, గుంజ సముద్రం వైపు వాల్చానని చెప్పాడు. గుంజ లేదు ఇప్పుడు చూపించడానికి. ఆఫీసరు నన్ను అడిగాడు, మీకు ఎలా కనిపించిందని.

నిటారుగా ఉంది అన్నాను.

బావ నావైపు తిరిగాడు. ఏమైనా అంటాడేమో అనుకున్నాను. అనలేదు. ముందు ఎప్పుడైనా ఆ గుంజ గురించి మాట వచ్చిందా అని ఆఫీసరు అడిగితే, రెండు వారాల కిందట నేనే అడిగానని చెప్పాను. అది నిజమే కదా. ఏదో టైపు చేయించి ముందు పెట్టారు. చదువుకుని సంతకం పెట్టమన్నారు. చీమల బారులా ఉంది. చదువుతున్నట్టు తల ఆడించి, వేలు ఎక్కడ పెట్టి చూపించారో అక్కడ పెట్టేశాను.

నవంబర్ 22, శనివారం

బావని పనిలోంచి ఆపేశారు. విచారణ తేలేదాకా.

లాంచీకి పెద్దగా దెబ్బ తగల్లేదు, మళ్ళీ నడుపుతున్నాను. బిడ్డ తల్లి రేవులో నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకి అద్దుకుంది. మీరు లేకపోతే అంది. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా, ఈయన కాబట్టి సరిపోయింది, ఆ గుంజలవాడి నిర్లక్ష్యానికి నలభై మంది పోయేవాళ్ళం అన్నారు. తల దించుకున్నాను. వినయం అనుకున్నారు.

నవంబర్ 23, ఆదివారం

ఒడ్డుకి వెళ్ళలేదు.

నవంబర్ 24, సోమవారం

చెల్లెలు వచ్చింది. మంచినీళ్ళు కూడా ముట్టలేదు. చేతిలో కాగితం ఉంది, నేను సంతకం పెట్టిన దాని నకలు. చదివావా అన్నయ్యా అని అడిగింది. చదివాను అన్నాను. అయితే విను అని తనే పైకి చదివింది.

గుంజ సరిగా లేదని సరంగు రెండు వారాల ముందే హెచ్చరించినా గుంజల మనిషి పట్టించుకోలేదని రాసి ఉంది. పని వేళల్లో అశ్రద్ధగా ఉండటం అతనికి అలవాటని రాసి ఉంది. నేను అలా అనలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. అంటే మరి చదివి సంతకం పెట్టానని ఎందుకు చెప్పినట్టు?

"నిన్ను ఒక్క మాట అననివ్వడం లేదు మీ బావ నన్ను" అంది. "నా మొగుడు అన్నం మానేసి గోడ చూస్తూ కూర్చుంటున్నాడు. మీ అన్నయ్య తనంతట తనే చెప్తాడు, నువ్వు వెళ్ళకు అంటున్నాడు. ఏం చెప్తావన్నయ్యా నువ్వు? ఏముంది చెప్పడానికి?"

బావకి తెలుసు. తూకపు గుండు వేసిన రోజే తెలుసు. అయినా ఆఫీసులో నోరు విప్పలేదు.

నేను కూడా విప్పలేదు. ఏమీ లేదమ్మా అన్నాను. వెళ్ళిపోయింది. వంటింట్లోంచి మా ఆవిడ కూడా ఇవతలికి రాలేదు.

నవంబర్ 25, మంగళవారం

పందొమ్మిదో తారీకు పేజీ చింపేద్దామని కూర్చున్నాను. మూడో గుంజ వాలి ఉందని లోకంలో ఎక్కడైనా రాసి ఉందంటే ఇక్కడే, నా చేత్తోనే. చింపాక పొయ్యిలో పడేస్తే సరి. అంచు పట్టుకుని ఒక వేలెడు చింపాను.

ఆ రోజు నా కన్ను నిజమే చెప్పింది. అన్నాళ్ళు అబద్ధాలు చెప్పి ఆ ఒక్కరోజు నిజం చెప్పింది, నేను నమ్మలేదు.

పేజీ ఇంకా ఉంది. ఎందుకు ఉంచానో అడగొద్దు. ఇవాళ ఆరు ట్రిప్పులు. ప్రతి ట్రిప్పుకీ రేవు తగిలాక చేతులు చుక్కాని మీంచి ఊడిరావడానికి కాసేపు పట్టింది.

నవంబర్ 27, గురువారం

ఇవాళ బావని చంపబోయాను.

పది గంటల ట్రిప్పు. మొగ మధ్యలో ఎదురుగా నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఉన్నట్టుండి ముందు కూర్చున్నవాళ్ళంతా ఒక్కసారి కేకలు పెట్టారు. పడవ, పడవ అని. ఎక్కడ? నాకు లేదు. ఏ పక్కకి తిప్పాలో తెలీక తల పక్కకి తిప్పాను, అప్పుడు కంటి కొసలో కనిపించింది, తెడ్డు పడవ, దాంట్లో మనిషి లేచి నిలబడి ఉన్నాడు. చుక్కాని మొత్తం తిప్పేశాను. పక్కనుంచి గీరుకుంటూ పోయాం. చేత్తో అందుకోగలిగేంత దగ్గర.

బావ. పని లేదు కాబట్టి గవ్వలు ఏరి అమ్ముకుంటున్నాడట, ఇంజను మనిషి చెప్పాడు. పడవ దాటిపోతుంటే అతని మొహం చూడాలని చూశాను. మొహం ఉండాల్సిన చోట ఏమీ లేదు. చొక్కా ఉంది, చేతులున్నాయి, తెడ్డు ఉంది. తిట్టుకుంటున్నాడో, ఏడుస్తున్నాడో, ఊరికే చూస్తున్నాడో నాకు తెలీలేదు.

అవతలి రేవులో జనాన్ని దింపాను. తిరుగు ట్రిప్పుకి నలుగురో ఐదుగురో ఎక్కబోతుంటే వద్దన్నాను. తాళం తీసి ఇంజను మనిషి చేతిలో పెట్టాను. "ఇవతలికి నువ్వు తీసుకురా. నేను కూర్చుంటాను." ఎందుకని అడిగాడు. "నాకు కళ్ళు కనిపించడం లేదు." ఇన్నాళ్ళూ నోట్లో పెట్టుకుని తిరిగిన మాట, అంత తేలిగ్గా బయటికొచ్చింది. అతను నవ్వాడు మొదట.

రేపు ఆఫీసుకి. పుస్తకం తీసుకెళ్తాను.

నవంబర్ 28, శుక్రవారం

ఆఫీసరు నమ్మలేదు.

అంతా చెప్పాను. గుంజ వాలే ఉందని, నేను చూశానని, నా కన్ను అనుకుని లెక్క చెయ్యలేదని, బావ తప్పు ఇసుమంత కూడా లేదని. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "మీ మంచితనం నాకు అర్థమైందండీ. చెల్లెలి కాపురం, చూస్తూ ఊరుకోలేరు. కానీ ఇలా మీ మీద వేసుకుంటే ఎలా?" అన్నాడు. నిజం చెబుతుంటే మెచ్చుకుని పంపించేస్తున్నాడు.

పుస్తకం తీసి ముందు పెట్టాను. ఆ పేజీ చూశాడు. ఇది మొన్న కూర్చుని రాసి ఉండొచ్చు కదా అన్నాడు. పైగా కళ్ళు లేని మనిషి ఇంత రాస్తాడా అన్నాడు. కుడి కంటితో, లావు కలంతో, వెడల్పు గీతల మీద రాస్తున్నానని చెప్పాను. ఆయనకి పట్టలేదు.

అప్పుడు అడిగాను, మొన్నటి నా వాంగ్మూలం తీయించండి, చదువుతాను అని. తెప్పించాడు. రెండు చేతులతో పట్టుకున్నాను. కిటికీ వైపు తిప్పాను. దగ్గరికి తీసుకున్నాను, దూరం పెట్టాను. మొదటి వరసలో మొదటి మాట నా పేరే అయి ఉంటుంది. అది కూడా రాలేదు.

"ఈ సంతకం కూడా ఇలాగే పెట్టానండీ" అన్నాను.

ఆయన లేచి నా చేతిలోంచి కాగితం తీసుకున్నాడు. ఆ పేజీ నకలు తీయించుకుని పుస్తకం ఇచ్చేశాడు. ఈ నెలంతా ఎంతమందిని దాటించారని గుమ్మం దగ్గర అడిగాడు. నేను లెక్క చెప్పలేకపోయాను. పిట్టల లెక్క రాసుకున్నాను గానీ మనుషుల లెక్క రాసుకోలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. కమ్మల సంగతి కూడా. చాలాసేపు ఏడ్చి, ఆ తర్వాత తిట్టింది. తిట్టినందుకు ప్రాణం కుదుటపడింది.

డిసెంబర్ 2, మంగళవారం

అవతలి ఒడ్డున కంటి ఆసుపత్రి. మా ఆవిడే తీసుకెళ్ళింది. కంటి లోపల నీరు ఊరుతోందట. ఎడమ కంటికి మధ్య చూపు పోయినట్టే, ఇక రాదు. కుడికి కంట్లోకే సూది మందు వెయ్యాలట, నెలకొకటి. ఉన్నది ఉన్నట్టు నిలబడితే చాలు, చూపు పెరుగుతుందని మాట ఇవ్వలేనన్నాడు డాక్టరు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాడు. నెల అన్నాను. నెల ముందు వచ్చి ఉంటే అని మొదలుపెట్టి, నా మొహం చూసి మానేశాడు.

శనివారం మొదటి సూది. కంట్లోకి సూది.

బావని మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. విరిగిన గుంజ స్థానంలో కొత్తది పాతాడని మాస్టారమ్మ చెప్పింది. వాళ్ళింటికి వెళ్ళాను. చెల్లెలు తలుపు తీసింది, కూర్చోమంది. బావ పెరట్లో ఉన్నాడు. నేను వెళ్ళేదాకా పెరట్లోనే ఉన్నాడు.

డిసెంబర్ 6, శనివారం

పరుగుపిట్టలు: నూట డెబ్బై రెండు. లెక్క మాస్టారమ్మది, రాత నాది.

మా ఆవిడకి రాత్రి నుంచి జ్వరం. సూది మందుకి ఆసుపత్రికి ఒక్కణ్ణే వెళ్తానన్నాను. రేవుకి వచ్చేసరికి బావ అక్కడ నిలబడి ఉన్నాడు, చెల్లెలు పంపించి ఉంటుంది. నా వెనక ఎక్కి, పక్కన కూర్చున్నాడు.

లాంచీలో జనం కూర్చునే బల్ల మీద కూర్చోవడం నాకు ఇంకా అలవాటు కాలేదు. చుక్కాని దగ్గర కొత్త సరంగు. ఏ ఊరివాడో, ఎన్నేళ్ళ అనుభవమో. గాలి కొద్దిగా ఉంది, లాంచీ ఊగుతోంది. ఎదురుగా బూడిదరంగు తప్ప నాకేమీ లేదు. ఇంజను చప్పుడుని బట్టి మొగలోకి వచ్చామని తెలిసింది. ఇన్నాళ్ళూ నా వెనక కూర్చున్న వాళ్ళందరూ ఇలాగే కూర్చున్నారు కదా, ఎవరో చూసుకుంటున్నారులే అని. బల్ల అంచు పట్టుకున్నాను. ఎంత గట్టిగా పట్టుకున్నానో, చెక్క పేడు గుచ్చుకుని రక్తం వచ్చింది. దిగిపోదాం అని లేవబోయాను. ఎక్కడికి దిగుతాను.

బావ నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. చెయ్యి తియ్యలేదు. కాసేపటికి నెమ్మదిగా, నాకు తప్ప ఇంకెవరికీ వినపడకుండా అన్నాడు.

"మొదటిది దాటాం. నిటారుగా ఉంది."

నేను లోపల అంకెలు లెక్కపెట్టుకుంటున్నాను.

"రెండోది. నిటారే."

మూడోది ఎప్పుడొస్తుందో నాకు తెలుసు, ఇంకో ఇరవై అంకెలు లెక్కపెడితే వస్తుంది.

"మూడోది వాల్చాను."

"ఎటు?"

"సముద్రం వైపు. ఉండు. చూశాడు. తిప్పుతున్నాడు."

లాంచీ కుడి పక్కకి, సముద్రం వైపు తిరిగింది. కింద ఇసుక తగల్లేదు. బావ నాలుగోది చెప్పాడు.